మాజీకి వచ్చిన మెయిల్

"ఇంక ఈ కంప్యూటర్ తీసేద్దాం సార్. ఓడిపోయినాక మనకు ఎవరు మెయిల్ పెడతారు?" అన్నాడు ఆపరేటర్ మహేష్.

"దాన్ని తీసే మాట ఎత్తొద్దప్పా! మెయిల్ తెరిచి సూడు!" కసిరాడు గంగప్ప.

మొన్నటి ఎన్నికల దాకా ఆయన ఎమ్మెల్యే. మదనపల్లెలోని ఆ ఇంటి ముందు చెప్పులు విడవడానికి చోటుండేది కాదు. రాలేనివాళ్లు దగ్గర్లోని నెట్ సెంటర్‌కు పోయి కష్టం చెప్పుకుంటే, అక్కడివాళ్లు టైపు చేసి పంపేవాళ్లు. మహేష్ చదివి వినిపిస్తే ఆయన వెంటనే అధికారులకు ఫోన్ చేసేవాడు. ఓడలు బండ్లవుతాయని అందరూ చెబుతారు. అయినాక ఆ బండి దగ్గరికి ఎవరూ రారని మాత్రం చెప్పరు. ఇప్పుడు ఆ ఇంట్లో ఫోను మోగితే రాంగ్ నంబరే. భార్య రెడ్డెమ్మ సంగటి పెట్టుకొచ్చినా ఆకలి లేదంటాడు. ఒంటరితనం మనిషిని నమిలేస్తోంది.

ఆయన మాట కాదనలేక మహేష్ మెయిల్ తెరిచాడు.

"సార్! ఒకటి వచ్చుండాది. బి.కొత్తకోట అక్కమ్మంట. బోరింగు చెడిపోయిందంట. మీరే దిక్కంట!"

గంగప్ప లేచి నిలబడ్డాడు. "సూడు! నన్ను నమ్ముకున్నోళ్లు ఇంకా ఉండారు!"

ఇంజినీరుకు ఫోన్ చేస్తే, పేరు వినగానే పెట్టేశాడు. దాంతో తానే ఒక మెకానిక్‌ను వెంటబెట్టుకొని బస్సెక్కాడు. కండక్టరు గుర్తుపట్టలేదు. అయినా ఆయనకు ఏమీ అనిపించలేదు. తన కోసం ఒకరు ఎదురు చూస్తున్నారు, అది చాలు.

తీరా అక్కమ్మ వీధికి పోయి బోరింగు కొడితే నీళ్లు బిందె నిండా దూకాయి.

"నీళ్లు బాగా వస్తాండాయి కదమ్మా! మరి యాల రాయించినావు?"

అక్కమ్మ తల వంచుకుంది.

"గెలిచినోళ్లు చెప్పినారా? నన్ను ఎగతాళి చేసేదానికా?" అడిగాడు గంగప్ప.

"అంత మాట అనొద్దప్పా," అంది అక్కమ్మ కంగారుగా. "మొన్న మీ ఇంటామె ఈడికొచ్చి నా చేతులు పట్టుకొని ఏడ్సింది. 'మా ఇంటాయన అన్నం ముట్టేది లేదు, ఏదన్నా ఒక కష్టం ఉండాదని రాయించమ్మా' అని."