పది మీటర్ల ఎత్తు

వెల్లింగ్టన్ కొండవాలున, టీవీ సిగ్నల్ కొలిచే గారెత్‌కు ఆ వారం అది నలభయ్యో ఇల్లు. రూలు ప్రకారం వ్యాను మీది యాంటెన్నా స్తంభాన్ని పది మీటర్లు లేపాడు. టీవీ సిగ్నల్ బాగా వస్తోంది.

"మరి మా ఇంట్లో బొమ్మ రాదేం?" అంది సియెని మామ్మ. "మూడింటికి మా మనవరాలి మొదటి రగ్బీ ఆట!"

"మా మ్యాపులో మీ వీధంతా పచ్చరంగే, మామ్మా. సిగ్నల్ అందుతుందనే అర్థం."

"అంత ఎత్తున పిట్టలు కాపురముంటాయి నాయనా. నేను నేలమీదుంటాను."

గారెత్ నిట్టూర్చి, ఆమె టీవీని వ్యానులోకి ఎక్కించి యాంటెన్నా వైరు తగిలించాడు. బొమ్మ వచ్చింది. మనవరాలు పరుగెత్తిన ప్రతిసారీ మామ్మ వ్యాను తలుపు బాదింది.

ఆట ముగిశాక స్తంభం దించుతుంటే బొమ్మ ముక్కలై ఆగిపోయింది. గారెత్ తలెత్తి చూశాడు. యాంటెన్నా కంటే ఇంటికప్పు ఇంకా చాలా కిందుంది.

తాను ఆరునెలలు లెక్కగట్టి గీసిన మ్యాపు తీసి, ముందుగా ఆ వీధి పచ్చరంగును కొట్టేశాడు.