చప్పుడు చెయ్యని కెమెరా

కుక్క చెవి కదిలింది.

“ఇది కూడా వద్దు,” అంటూ స్టాంకా కెమెరాను గాజుబల్ల మీద పెట్టేసింది.

థనాసికి నవ్వొచ్చింది. “ఒపల్ రాళ్ళూ పాత కెమెరాలూ అమ్ముకుంటూ ఈ కొట్లోనే ముసలాణ్ణయ్యాను. బేరం కుక్కకి వదిలేసినదానివి నువ్వొక్కదానివే.”

“నీకంటే అదే నయం. అబద్ధం చెప్పదు.”

ఎడారిలోని ఒపల్ గనుల ఊరు కూబర్ పీడీలో ఇళ్ళలాగే, చర్చిలాగే, థనాసి కొట్టు కూడా కొండను తొలిచి చేసిందే. చల్లటి నేల మీద అతని ముసలికుక్క ఊజో కాళ్ళు బారజాపుకుని నిద్రపోతోంది. స్టాంకా ఒక్కో కెమెరానూ దాని తల దగ్గర పట్టుకుని మీట నొక్కుతోంది. చెవి కదిలిందా, ఆ కెమెరా పనికిరానట్టే.

థనాసి ఏదో అంటూ బల్ల కిందికి వంగాడు.

“ఇటు తిరిగి మాట్లాడు థనాసీ. సొరుగుతో ఏం కబుర్లు నీకు?”

అతను తలెత్తాడు. “తప్పయింది మహారాణీ. నీ పాతదానికి ఏం రోగమొచ్చిందని అడిగా.”

“ఫాదర్ రాడోవన్‌కి గిట్టలేదు. పోయిన పెళ్ళిలో గుమ్మం దగ్గర నన్ను ఆపి మరీ చెప్పాడు. ఆయన ప్రార్థన చదువుతుంటే నా కెమెరా ఆ రాతిగోడల మధ్య పలుగు దెబ్బలా మోగిందట. ఇంకోసారి మోగితే చర్చిలోకి కెమెరా తేవద్దన్నాడు.”

“ఆదివారం వెస్నా పెళ్ళి కదూ?”

“మరి ఊరికే వచ్చాననుకున్నావా?”

పాత కెమెరా అంత మోత చేస్తుందని ఆమెకు ఫాదర్ చెప్పేదాకా తెలియదు. అదే ఆమెను భయపెట్టింది. బాప్తిస్మం నాడు వెస్నాను చేతుల్లోకి తీసుకున్నది స్టాంకాయే, తల్లి పోయాక పెంచిందీ ఆమే. పెళ్ళి కాగానే పిల్ల మొగుడితో దూరాన డార్విన్ నగరానికి వెళ్ళిపోతుంది. భర్త ద్రాగన్‌తో కలిసి ఆమె ఎన్నో ఏళ్ళు గనిలో మందు పెట్టి రాయి పేల్చింది. సెలవు రోజుల్లో ఊరందరి పెళ్ళిళ్ళకూ ఫొటోలు తీసింది. తీరా అతను పోయాక వెతికితే, అతని ముఖం తేటగా ఉన్న ఫొటో ఒక్కటి దొరకలేదు. వెస్నా విషయంలో అలా జరగకూడదు. రేపు తనకంటూ మిగిలేవి ఆ ఫొటోలే.

“ఇది చూడు. లోపల అద్దం లేని రకం. టపటపలాడేందుకు ఏమీ లేదు,” అన్నాడు థనాసి.

ఆమె నొక్కింది. ఊజో కదల్లేదు. ఇంకా దగ్గరగా పెట్టి నొక్కింది. ఊజో నోరు చప్పరించి నిద్రలోకి మరింత జారుకుంది.

“పెద్దాయన ఒప్పుకున్నాడు,” అన్నాడు థనాసి. “కట్టనా?”

“ఆగు. చీకట్లో దీని చూపు సంగతేమిటి? ఫాదర్ కొవ్వొత్తులు తప్ప ఏమీ వెలిగించడు. వెలుగు తగ్గితే కొన్ని కెమెరాలు తాగొచ్చినవాడు తాళంకప్ప వెతుక్కున్నట్టు తడుముకుంటాయి.”

థనాసి కొవ్వొత్తి వెలిగించి, తన వెనక పెట్టుకుని, దీపాలన్నీ ఆర్పేశాడు. కెమెరా తెరలో, నీడలో మునిగిన అతని ముఖం మీద చిన్న ఆకుపచ్చ గడి ప్రత్యక్షమై కంటి మీద వాలింది. అతను తల అటూ ఇటూ ఊపినా వదల్లేదు. ఆమె వరసగా తీస్తూనే ఉంది.

దీపాలు వెలిగాక చూస్తే అతను ముఖం ముడుచుకుని ఉన్నాడు. “కుదిరిందా, కుదిరిందా అని గొంతు చించుకున్నా. ఉలుకూ లేదు, పలుకూ లేదు.”

“పనిలో ఉంటే నేను మాట్లాడను.”

“గుడి దగ్గర బిచ్చగాడికి కూడా జవాబొస్తుంది. సర్లే, గురి కుదిరినప్పుడల్లా ఇది పిట్టలా కూస్తుంది. ఆపెయ్యనా?”

“ఆపెయ్. నాకు ఆ ఆకుపచ్చ గడి చాలు.”

పెళ్ళి ముందు రోజు సాయంత్రం వెస్నా వచ్చి స్టాంకా ఒళ్ళో తల పెట్టుకుంది. స్టాంకా గడ్డం పట్టుకుని ఆ ముఖాన్ని దీపం వైపు తిప్పుకుంది.

“కూమా,” అంది వెస్నా. బాప్తిస్మపు తల్లిని వాళ్ళ ఇళ్ళలో అలాగే పిలుస్తారు. “నువ్వొక్కదానివీ ఎలా ఉంటావు? ఒంట్లో ఏ కాస్త తేడాగా ఉన్నా ఇప్పుడే చెప్పు. మేం ఇక్కడే ఉండిపోతాం.”

“నాకేమే, గుర్రంలా ఉన్నాను. మీరిద్దరూ ఉండిపోతే వండిపెట్టలేక చస్తాను. వెళ్ళండి.”

ఆదివారం చర్చిలో కొవ్వొత్తులు మాత్రమే వెలిగాయి. స్టాంకా ఫాదర్ చేతుల మీంచి చూపు తిప్పలేదు. ఆ చేతులు పెళ్ళిజంట తలల మీద పెట్టే కిరీటాల వైపు కదలగానే ఆమె ఒక అడుగు ముందుకేసింది. ద్రాక్షరసం గిన్నె అందుకోగానే పక్కకు జరిగింది. ఎన్ని తీసినా ఒక్క తల ఆమె వైపు తిరగలేదు. వెస్నా కనురెప్ప మీద నిలిచిన నీటిచుక్క కూడా ఫొటోలో తేటగా పడింది.

“ఇవాళ నువ్వసలు వచ్చావా స్టాంకా?” అన్నాడు ఫాదర్ గుమ్మం దగ్గర, నవ్వుతూ.

ఆమె మనసు తేలికపడింది.

బయట కారు సిద్ధంగా ఉంది. ఎక్కబోయిన వెస్నా వెనక్కి పరుగెత్తుకొచ్చి స్టాంకాను గట్టిగా వాటేసుకుంది. చెవి దగ్గర నోరు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది. పిల్ల ఊపిరి వెచ్చగా మెడకు తగులుతోంది.

“అలాగే తల్లీ, అలాగే,” అంటూ స్టాంకా ఆమె వీపు నిమిరింది.

వెస్నా కళ్ళు తుడుచుకుని కారెక్కింది. గనుల తెల్లమట్టి దిబ్బల మధ్య మలుపు తిరిగి కారు కనుమరుగైంది. దుమ్ము అణిగేదాకా స్టాంకా అక్కడే నిలబడింది.

భుజం మీద చెయ్యి పడితే తిరిగి చూసింది. థనాసి.

“పిల్ల చెవిలో అంతసేపు ఏం చెప్పింది?”

“పెదాలు కనిపించలేదు థనాసీ, నాకు చెవులు పోయి చాలా కాలమైంది.”