కళ్ళు లేని రాక్షసుడు

యేసుకుమార్ గీసిన బొమ్మలు చూస్తే ఆ పూట అన్నం సహించదు. నల్లటి సొరంగం. దాని మూతి దగ్గర కళ్ళు లేని రాక్షసుడు. వాడి చేతిలో ఒక పిల్లవాడు. ఒక బొమ్మలో పిల్లవాణ్ణి సొరంగంలోకి తోస్తుంటాడు, ఇంకో బొమ్మలో నములుతుంటాడు.

ప్రతి బొమ్మలోనూ రాక్షసుడి ముఖం ఒకటే. అది యేసుకుమార్ తండ్రి సామ్యేల్ ముఖం.

చూపు పోయిందని గని డాక్టర్లు సామ్యేల్‌ను అన్‌ఫిట్ చేసి ఇంటికి పంపారు. రూలు ప్రకారం గనిలో ఆయన ఉద్యోగం కొడుక్కి వచ్చింది. అప్పటికే కొడుక్కి హైదరాబాద్‌లో బొమ్మల కాలేజీలో సీటు వచ్చి ఉంది. లేని రోగం చూపించి కొడుకుల్ని గనిలో పెట్టించే తండ్రులంటే యేసుకుమార్‌కు ఒళ్ళు మంట. అలాంటి ఉద్యోగమైతే వద్దని చక్కా పోయేవాడే. కానీ తల్లి లేదు, తండ్రికి చూపు లేదు. సీటు వదులుకుని డ్యూటీలో చేరాడు.

మరి కోపం ఎవరి మీద తీర్చుకోవాలి? కాగితం మీద తీర్చుకున్నాడు.

షిఫ్టు దిగి రాగానే, సెంటినరీ కాలనీ క్వార్టర్‌లో, తండ్రి ఎదురుగానే కూర్చుని గీసేవాడు. దాచాల్సిన పనేముంది? సామ్యేల్ గోడ తడుముకుంటూ వచ్చి కుర్చీలో కూర్చునేవాడు.

“ఏం గీస్తున్నవ్ కొడుకా?”

“చర్చి గీస్తున్న బాపు. ముంగట మల్లెచెట్టు.”

“మంచిగ గీయి” అనేవాడు సామ్యేల్. ఆ మాటకు యేసుకుమార్‌కు తల కొట్టేసినట్టయ్యేది. మర్నాడు మళ్ళీ అదే ముఖం గీసేవాడు.

ఇంతలో గోదావరిఖనిలో బొమ్మల ప్రదర్శన పెడుతున్నామని, గీసినవన్నీ పట్టుకు రమ్మని చిన్నప్పటి డ్రాయింగు మాస్టారు కబురు పెట్టారు. ఇంతవరకూ ఆ బొమ్మలు ఎవరికీ చూపించలేదు. యేసుకుమార్ పొంగిపోయాడు. ఆ వెంటనే తండ్రి గుర్తొచ్చాడు. గోదావరిఖనిలో సామ్యేల్ ముఖం ఎరగనివాడెవడు? బతుకంతా బొగ్గుదుమ్ములో పనిచేసి, కళ్ళు పోగొట్టుకుని, తనకింత తిండి చూపించిన మనిషిని ఊరి ముందు రాక్షసుణ్ణి చేయాలా? తన మీద తనకే రోత పుట్టింది.

ఆ సాయంత్రం బొమ్మలు ముందేసుకుని కూర్చున్నాడు. నోరు మెదపకుండా రబ్బరు తీసి రాక్షసుడి ముఖం మీద పెట్టాడు. కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ఎదుటి కుర్చీలో సామ్యేల్ ముందుకు వంగాడు. మెల్లగా అన్నాడు.

“చెరుపకు కొడుకా, ఆ మొఖం అచ్చం నాదే.”