వెలిగిందా, విసాల్?

మొగుడితో విసాల్‌కున్న బాధ ఒక్కటే. ఆయనకు రాని పని లేదు.

కుళాయి కారుతుంటే బాగుచేశాడు. ఇప్పుడు గోడ కారుతోంది. ఫ్యాను బాగుచేశాడు, అది ఇప్పుడు దానికి తోచినప్పుడు తిరుగుతోంది.

ఇవాళ పాత పికప్ వంతు వచ్చింది. రివర్స్ లైట్లు వెలగడం లేదు. రేపు పొద్దున్నే తనిఖీ. లైట్లు లేని బండికి లైసెన్సు కాగితం ఇవ్వరు. కాగితం లేకపోతే టమాటాలు తోటలోనే కుళ్ళుతాయి.

అజ్లూన్ కొండల్లోని ఆ ఊళ్ళో బండ్ల కరెంటు పని తెలిసినవాడు ఒక్కడే. విసాల్ అన్న నవ్వాఫ్.

రెండేళ్ళ కిందట ఒక పెళ్ళిలో, నలుగురి ముందూ, విసాల్ మొగుడు అబూ రషాద్ అతణ్ణి పట్టుకుని, "నీకు తీగలు కలపడమేం వచ్చు? పోయి మేకలు కాసుకో" అన్నాడు. నవ్వాఫ్ కాఫీ ముట్టకుండా కప్పు కింద పెట్టి లేచిపోయాడు. అప్పటినుంచి నాలుగు ఈద్‌లు వెళ్ళాయి. ఊళ్ళో అందరి అన్నదమ్ములూ చెల్లెళ్ళ ఇళ్ళకు వచ్చారు. విసాల్ మాత్రం ఖర్జూరం మిఠాయి పళ్ళెంలో సర్దుకుని, గుమ్మంకేసి చూస్తూ కూర్చుంది. ఈ శుక్రవారం ఐదో ఈద్.

"మా అన్నను పిలువు. 'తప్పు నాదే' అని ఒక్క మాట అను, చాలు. వస్తాడు."

"తప్పా? నాదా?"

అబూ రషాద్ బండి కిందికి దూరాడు. గేరుపెట్టె దగ్గర తీగ తెగి ఉంది. కలిపి, టేపు చుట్టి, మీసం దువ్వుకుంటూ లోపలికెక్కాడు. ఆ బండికి రివర్స్ గేరు చేత్తో పట్టుకుంటే తప్ప నిలవదు. అందుకని భార్యను వెనక నిలబెట్టాడు.

"వెలిగిందా, విసాల్?"

"లేదు."

ఫ్యూజు మార్చాడు.

"ఇప్పుడు?"

"ఎక్కడ వెలిగింది?"

బల్బులు మార్చాడు. బాడీకి బిగించిన తీగ విప్పి, తుప్పు గీకి, మళ్ళీ బిగించాడు.

"ఎండ కదా! చెయ్యి అడ్డం పెట్టి చూడు."

"పెట్టాను. నా అరచెయ్యే కనిపిస్తోంది."

"సరిగ్గా చూడవే!"

"గుడ్డిదాన్నా? కానీ, నీకు రాని పనా? ఇంకోసారి మొదటినుంచీ చూడు."

మొదటినుంచీ చూశాడు. రెండుసార్లు టీ తాగాడు. సాయంత్రపు అసర్ నమాజు పిలుపు వినిపించింది. అబూ రషాద్ స్టీరింగుకు నుదురు ఆనించాడు.

"ఫోనివ్వు."

విసాల్ అన్న నంబరు నొక్కి మరీ ఇచ్చింది. ఇచ్చి, బండి వెనక తన చోటికి వెళ్ళి నిలబడింది. ఆయన ఎడమచేత్తో ఫోను చెవికి ఆనించి, ఆశ చావక, కుడిచేత్తో మరోసారి గేరు వేసి పట్టుకున్నాడు.

"బావా... నేను, అబూ రషాద్‌ని. ఆ రోజు పెళ్ళిలో... అదే... తప్పు..."

"వినబడ్డం లేదు" అన్నాడు నవ్వాఫ్. "ఆ రోజు బాగా వినబడేట్టే అన్నావుగా."

"తప్పు నాదే బావా!" వీధంతా మోగేలా అరిచాడు అబూ రషాద్. "నీ పని నాకు రాదు! రా!"

"కాఫీ పెట్టించు. వస్తున్నా."

విసాల్ తలగుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుంది. పొద్దున ఆ తెగిన తీగ కలిపినప్పటినుంచీ గేరు పడ్డ ప్రతిసారీ వెలిగినట్టే, రెండు తెల్ల లైట్లూ ఆమె ఎదురుగా ఇప్పుడూ భేషుగ్గా వెలుగుతున్నాయి.