పటం కింద బోర్డు

ముందు సీటు ఎదురుగా బిగించిన రేకు ముక్క చూసి ఆరోగ్యమ్మ ఆగిపోయింది.

"ఏందయ్యా అది? ఎర్రగా రాశారు?"

"నాకేం తెలుసే. ఇంగ్లీషు," అన్నాడు ఆమె మొగుడు దేవదాసు.

గురజాల దాటాక మాచవరం దారిలో, మిరప పీకేసిన చేలో నిలబడి ఉంది విమానం. రైసుమిల్లు హనుమంతరావు తన షెడ్డులో తనే కట్టానని ఊరంతా చెప్పుకున్న విమానం.

కాసేపట్లో లేవాలి. వెనక సీట్లో కూచుని హనుమంతరావు నడుపుతాడు. ముందు సీట్లో దేవదాసు కూచోవాలి. ముందు బరువు లేకపోతే ముక్కు పైకి లేచిపోతుందట.

కూచుంటే మిల్లులో ఇంజను డ్రైవరు పని ఇస్తానన్నాడు.

దేవదాసు మిల్లులో బస్తాలు మోస్తాడు. తవుడు దుమ్ముకు పట్టిన దగ్గు వదలడం లేదు. ఆ దగ్గు చూసే సాగరు డ్యాం పనికి కూడా తీసుకోలేదు. ఇంజను దగ్గర కూచునే పని దొరికితే మనిషి నిలబడతాడు.

అయినా ఆరోగ్యమ్మకు దడ తగ్గలేదు. చంకలో బిడ్డను అటు మార్చుకుని రేకు దగ్గరికి వంగింది. మిషను బడిలో నాలుగో క్లాసుతో ఆగిన చదువు. అక్షరాలు పోల్చుకుంది గానీ మాట కట్టలేకపోయింది.

"నేను చదివి చెప్పనా అమ్మా?"

వెనక ఎవరో కొత్త మనిషి. కళ్ళజోడు, నలిగిన ప్యాంటు, వేళ్ళ మీద ఎండిన జిగురు.

"ఈ విమానం ఇంటి దగ్గర కట్టింది. కంపెనీ విమానాలకు చేసే పరీక్షలు దీనికి జరగలేదు. ఎక్కేవాళ్ళు అది తెలిసే ఎక్కాలి. అదీ రాసింది. ఎక్కేవాళ్ళ కంటికి ఆనేట్టు పెట్టి తీరాలని రూలు."

దేవదాసు నవ్వబోయాడు.

"వానలకు షెడ్డు కారింది," అన్నాడా మనిషి. "ఎడమ రెక్క అతుకుల్లో జిగురు వదిలేసింది. నొక్కితే చప్పుడొస్తోంది."

"నీకెట్టా తెలుసు?" అన్నాడు దేవదాసు.

అతను నోరు తెరిచేలోపే హనుమంతరావు వచ్చాడు.

"మళ్ళీ తయారయ్యావా? మన బేరం ఏనాడో అయిపోయింది. ఇంకేం పని నీకిక్కడ?"

"మనిషెందుకండీ? సీట్లో సున్నం బస్తా కట్టండి. బరువు సరిపోతుంది."

"బస్తా జనానికి చెయ్యి ఊపుద్దా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

బేరం చెడిన ఏ సామాన్లవాడో, కడుపుమంటతో వచ్చాడు అనుకుంది ఆరోగ్యమ్మ.

"ఎక్కబోయే మనిషి ముందర ఆ మాటలేందయ్యా? పో ఇక్కణ్ణించి."

అతను పక్కకు తప్పుకున్నాడు. దూరం మాత్రం పోలేదు.

ఆమె కొంగుముడి విప్పి మేరీమాత కాగితప్పటం తీసింది. బిడ్డకు తెచ్చిన గంజి వేలితో పూసి, రేకు మీద అంటించింది. ఎర్రక్షరాలు కనబడకుండా పోయాయి. అప్పుడు కాస్త ఊపిరి ఆడింది.

విమానం ముక్కు దగ్గర కొబ్బరికాయ కొట్టించి వచ్చిన హనుమంతరావు పటం చూసి మెచ్చుకున్నాడు.

"మంచి పని చేశావే ఆరోగ్యమ్మా. పూజ చేసిన రోజు ఆ పాడు రాతలెందుకు?"

"రూలంటగదయ్యా?"

"ఉందిగా. పటం కింద."

విమానం లేవడం చూడ్డానికి చేను గట్టున వేసిన పందిట్లోకి తాసీల్దారు గారొచ్చారు. ఇంజను మోగింది. హనుమంతరావు వెనక సీట్లోకెక్కాడు. దేవదాసు బిడ్డ బుగ్గ నిమిరి వెనక్కి తిరిగాడు.

ముందు సీట్లో ఆ కొత్త మనిషి కూచుని ఉన్నాడు. నడుముకు బెల్టు కూడా బిగించుకున్నాడు.

"దిగవయ్యా. అది నా సీటు."

అతను దిగలేదు. గంజి ఇంకా తడిగానే ఉంది. పటాన్ని చిరగకుండా ఊడదీసి ఆరోగ్యమ్మ చేతికిచ్చాడు.

"బిడ్డ దగ్గరుంచమ్మా."

ఆమె ఒళ్ళు మండిపోయింది.

"మాత పటం పీకుతావా? నా మొగుడి నోటికాడ కూడు లాక్కుంటన్నావు. నువ్వు బాగుపడవయ్యా. నా బిడ్డ ఉసురు తగిలి పోతావు."

హనుమంతరావు పళ్ళు కొరికాడు. తాసీల్దారు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. అంతమందిలో రచ్చ చేయలేక విమానాన్ని ముందుకు దూకించాడు.

అది లేచింది. జనం కేకలేశారు. ఆరోగ్యమ్మ తలెత్తలేదు.

"పోనీలేవే," అన్నాడు దేవదాసు.

"ఏందయ్యా పోనిచ్చేది? పొద్దున్నే మళ్ళీ బస్తాలేగా."

పాత చీర చింపినట్టు చప్పుడైంది. చేను అవతలి వాగు మీద ఎడమ రెక్క విరిగింది. విమానం ముక్కు కిందికి పెట్టి తుమ్మల్లో పడింది.

వెనక సీట్లో హనుమంతరావు కాళ్ళు విరిగి బతికాడు.

ముందు సీట్లో మనిషి బతకలేదు. అతని కోసం ఎవరూ రాలేదు. దేవదాసు, ఇంకొందరు మిల్లు కూలీలు కలిసి వాగొడ్డున పూడ్చారు.

"పటం పీకినాడుగా. మాత ఊరుకుంటదా?" అని బావి దగ్గర అందరికీ చెప్పింది ఆరోగ్యమ్మ.

హనుమంతరావును చూడడానికి మొగుడూ పెళ్ళాం నర్సరావుపేట ఆసుపత్రికి వెళ్ళారు. ఇంజను పని సంగతి గుర్తు చేయాలని ఆమె ఆశ.

"అధైర్యపడకండయ్యా," అన్నాడు దేవదాసు. "కట్టిన చేతులు బాగానే ఉన్నయ్. విమానం మళ్ళీ కట్టుకోవచ్చు."

హనుమంతరావు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"నేను మద్రాసులో కొనుక్కొచ్చాన్రా," అన్నాడు. "దాన్ని కట్టిందీ, ఆ ఎర్రక్షరాలు రాసిందీ నీ సీట్లో కూచున్న ఆయనే."