నోరు మూసుకుని ఆడాలి

“సార్, ఇతను మాట్లాడుతున్నాడు!”

భీమశంకరరావు కేకకు బోర్డుల మీద వంగిన తలలన్నీ ఒక్కసారిగా లేచాయి.

శంషాబాద్‌లో స్కూలు హాలు. ఆదివారం మధ్యాహ్నం. చదరంగం పోటీలో ఆఖరి రౌండు. ఎదురుగా కూర్చున్న రషీద్ గగన్‌పహాడ్‌లో లారీల మెకానిక్. అతను చేసిన నేరమల్లా రావు రాజుకు చెక్ ఇస్తూ “షహ్” అనడమే.

“గ్యారేజీల గట్లనే అంటం సాబ్. అలవాటు,” అన్నాడు రషీద్.

“ఇది గ్యారేజీ కాదు, టోర్నమెంటు. చెక్ ఇస్తే ఇచ్చి ఊరుకోవాలి. నోటితో చెప్పి ఎదుటివాడిని బెదరగొట్టకూడదు.”

ఆటలో తగువులు తీర్చే ఆర్బిటర్ కొండల్ వచ్చాడు. ఆ స్కూల్లోనే డ్రిల్లు మాస్టారు. సంగతి విని తల గోక్కున్నాడు.

“రషీద్ భాయ్, ఇగ ఒక్క మాట మాట్లాడకు. సార్ మళ్ల కంప్లైంట్ చేసిండంటే నువ్వు ఓడినట్టు రాస్త.”

రషీద్ పెదాల మీద వేలు పెట్టుకుని తలూపాడు. ఆ గోటి సందున గ్రీజు. అది చూస్తేనే రావుకి ఒళ్లు మండింది.

మంట పాతదే. నిరుడు ఇదే హాల్లో ఈ మనిషే ఆయన్ని ఓడించి కప్పు ఎత్తుకుపోయాడు. కప్పు వస్తుందని భార్య మంగాదేవి టీవీ మీద పరిచిన అల్లికల గుడ్డ మీద ఏడాదిగా ప్లాస్టిక్ పూలు కూర్చున్నాయి. “బండి రిపేరు ఎంతవరకొచ్చిందండీ?” అని ఆఫీసులో వెక్కిరించని గుమాస్తా లేడు. పై నెల రాజమండ్రికి బదిలీ. ఈ ఆట గెలిస్తే కప్పు ఆయనది. ఓడితే మళ్లీ రషీద్‌దే. ఇక ఇంకో ఏడాది లేదు.

అందుకే రావు దయాదాక్షిణ్యాలు ఇంట్లో వదిలి వచ్చాడు. రషీద్ బల్ల మీద టీ గ్లాసు పెడితే తీయించాడు. పక్కకు ఒరిగిన బంటును సరిచేయబోతే, “ముట్టుకున్నావ్, ఇక దాన్నే ఆడాలి,” అని పట్టుబట్టి ఆడించాడు.

కాసేపటికి రషీద్ తన మంత్రిని తీసుకొచ్చి నిశ్శబ్దంగా రావు రాజు పక్కనే పెట్టాడు.

రావుకి ఆనందంతో చెమట పట్టింది. ఏనుగుతో లటుక్కున మంత్రిని చంపి, తన గడియారం మీట నొక్కాడు. చచ్చిన మంత్రిని పక్క బోర్డులవాళ్లకు కూడా కనిపించేట్టు బల్ల అంచున నిలబెట్టాడు. ఎవరైనా చూశారా అని హాలంతా కలియజూశాడు.

ఇటు తిరిగేసరికి రషీద్ గుర్రాన్ని ఎక్కడికో దూకించి చెయ్యి చాచి ఉన్నాడు.

డ్రాకా? మంత్రి పోయాక డ్రా అడగడానికి సిగ్గుండాలి!

“కుదరదు,” అని రావు చేతులు కట్టుకున్నాడు.

రషీద్ ఏదో చెప్పబోయాడు.

“మాట్లాడావంటే పిలుస్తాను ఆర్బిటర్ని.”

రషీద్ నోరు మూసుకున్నాడు. ఎత్తులు రాసుకునే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొండల్ కోసం చూశాడు. కొండల్ అవతల మూల ఇంకెవరి తగువో తీరుస్తున్నాడు. రషీద్ లేచి టీకి వెళ్లిపోయాడు.

పొగరు చూడు, అనుకున్నాడు రావు. అప్పుడు ఆయన చూపు గడియారం మీద పడింది.

రెండు ముఖాల గడియారం అది. ఎత్తు వేసినవాడు తన మీట నొక్కితేనే తన టైము ఆగి, ఎదుటివాడిది మొదలవుతుంది. రషీద్ నొక్కలేదు! అతని టైమే నడుస్తోంది. ఇంకా పన్నెండు నిమిషాలు. టైము నిండగానే గడియారంలో ఎర్రముల్లు పడుతుంది. పడిందంటే ఓడినట్టే.

‘మీట మరిచావయ్యా’ అని చెప్పడం మర్యాద. నిరుడు రషీద్ తనకు అలాగే చెప్పాడు కూడా. ఆ సంగతి గుర్తొచ్చి రావుకి ఇంకా కోపం వచ్చింది.

నుదుటికి చెయ్యి ఆనించి, ఘోరంగా ఆలోచిస్తున్నవాడిలా వంగాడు. కళ్లు మాత్రం ఎర్రముల్లు మీదే. ఇక ఎత్తు వేసే అవసరమేముంది?

పాల్మాకుల బాలమల్లు తన ఆట ముగించుకుని ఇటు వచ్చాడు. బోర్డు వైపు చూశాడు. రావు ముఖం చూశాడు. మళ్లీ బోర్డు చూశాడు.

“సార్, ఇది...”

“చూసేవాళ్లు మాట్లాడకూడదు!” రావు పళ్ల మధ్య నుంచే అన్నాడు.

బాలమల్లు నవ్వాపుకుంటూ వెళ్లిపోయాడు. వీడెక్కడ బయటికెళ్లి రషీద్‌కి మీట సంగతి ఊదుతాడో అని రావు ఒక కన్ను గుమ్మం మీద వేశాడు.

ఐదు నిమిషాలు. రెండు. ఒకటి. ఎర్రముల్లు టక్కున పడింది.

“టైమ్!” రావు కుర్చీ తన్నుకుని లేచాడు. “కొండల్ గారూ! ఇతను మీట నొక్కకుండా షికారుకెళ్లాడు. టైమైపోయింది. నేను గెలిచినట్టు రాయండి!”

హాలంతా చుట్టూ మూగింది. రావు అప్పుడే ముందు బల్ల మీది కప్పు వైపు చూసుకుంటున్నాడు. ఎవరో రషీద్‌ని పిలుచుకొచ్చారు.

“గడియారం ఎందుకు నొక్కలె భాయ్?” అడిగాడు కొండల్.

రషీద్ రావు వైపు చూసి, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

“నేనే అడుగుతున్న గద, చెప్పు.”

“ఆట అయిపోయినంక గడియారం ఎందుకు నొక్కాలె సాబ్, గుర్రం దుంకినప్పుడే ఈయన రాజు సచ్చిండు, మాట్లాడొద్దన్నరని చెప్పలె గంతే.”