ఎల్లమ్మకు కళ్ళు పెట్టిన రోజు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: వసారాలో సాలమ్మ అవ్వ, గడప దగ్గర ఆమె కొడుకు శ్యాం, పరిచిన పటం పక్కన శ్యాం బిడ్డ శాంతి, లోపలి అర్రలో మంచం మీద, దుప్పటి కింద, రాజయ్య తాత.

రాజయ్య గుడ్డ మీద రంగులతో దేవతల పటాలు రాసే మనిషి. ఒకప్పుడు కులకథలు చెప్పేవాళ్ళు మహదేవపూర్ నుంచి కూడా వచ్చి ఆయనతో పటాలు రాయించుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ కథలు వినేవాళ్ళు లేరు. కొనేది ఒక్క నిరంజన్ సారే. జనగామలో సారు కట్టించిన కొత్త ఇంట్లో ఒక హాలంతా రాజయ్య పటాలకే. రేపు గృహప్రవేశం. ఎల్లమ్మ పటం రేపటికి గోడ మీద ఉండాలి.

ఈ పటం ఈ రోజు పోతేనే సాలమ్మ ఇంటి మీదికి రేకులు వస్తాయి. నిరుటి వానలకు వెనక గోడ కూలింది. ఈసారి వానలకు మిగతాది కూడా ఆగదు.

కారు దిగిన సారు భార్య విమల గుమ్మం బయటే ఆగింది.

"ఇంట్ల మైలేం లేదు గద? ఈడు పిల్ల ఉన్నది. అమ్మవారిని తీస్కపోతున్నం, జర చూసి చెప్పు."

శాంతి తల వంచుకుంది.

"పిల్లకు అసొంటిదేం లేదమ్మా. లోపలికి రండ్రి," అంది సాలమ్మ.

నిరంజన్ అప్పటికే లోపలికి వచ్చాడు. "రాజయ్య ఏడి? కండ్లు పెట్టేది వీడియో తీస్తనని చెప్పిన గద."

పటంలో అన్నీ అయిపోయాయి. ఎల్లమ్మ కళ్ళు ఒక్కటే మిగిలాయి. కళ్ళు అన్నిటికంటే చివర పెడతారు. పెట్టే మనిషి తలస్నానం చేసి, ఒక్కపొద్దు ఉండి, దీపం ముట్టించి పెడతాడు. ఆ పని రాజయ్య ఇన్నేళ్ళలో ఎవరి చేతికీ ఇవ్వలేదు.

"నాయినకు జెరం సార్," అన్నాడు శ్యాం. "చెయ్యి లేస్తలేదు."

"రేపు హైదరాబాదు నుంచి పెద్దోళ్ళు వస్తున్నరు. అమ్మవారిని గుడ్డిదాన్ని చేసి చూపియ్యాల్నా?"

"నా మనుమరాలు పెడ్తది. తాత కాడ నేర్సుకున్నది," అంది సాలమ్మ.

"ఈ పిల్లనా? నోట్ల నాలుకే లేదు."

"చేతికి నోరెందుకు సార్."

విమల గడియారం చూసుకుంది. "ఎవలు పెడితే ఏంది? వర్జ్యం వస్తది. జల్ది కానియ్యుండ్రి."

నిరంజన్ కొంచెం ఆలోచించాడు. "సరే. బిడ్డా, ఆ గాజులు తియ్యి. మీ తాత అంగీ ఉంటే ఏస్కో. చెయ్యొక్కటే తీస్త. చూసేటోళ్ళకు రాజయ్య పెట్టినట్టే ఉండాలె."

కొయ్యకు వేలాడుతున్న అంగీని సాలమ్మే తెచ్చి ఇచ్చింది. శాంతి తొడుక్కుంది. కానీ కుంచె పట్టుకోలేదు.

"పెట్టొద్దు గద అవ్వా," అంది, ఆమెకు మాత్రమే వినపడేలా.

"పెట్టు."

"పాపం తగుల్తదే."

"తగిల్తే నాకు తగుల్తది. నువ్వు పెట్టు."

శాంతి పెట్టింది. ఎడమ కన్ను అంచు కొంచెం వణికింది. కుడి కన్ను కుదిరింది. ఎల్లమ్మ చూడడం మొదలుపెట్టింది.

"ఆహా," అన్నాడు నిరంజన్ ఫోన్ దించుతూ. "రాజయ్య చెయ్యంటే రాజయ్య చెయ్యే."

తర్వాత కారులోంచి పట్టు శాలువా తెప్పించాడు. "కళాకారుణ్ణి సన్మానం చెయ్యకుండ పోతే నాకు మంచిగుండదు."

సాలమ్మ అర్ర గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "రాత్రంతా మూలిగిండు సార్. లేపకుండ్రి."

"లేపను లేవమ్మా. పండుకోనీ."

రాజయ్య మొహం గోడ వైపు ఉంది. నిరంజన్ శాలువాను దుప్పటి మీద మెల్లగా పరిచి, మడతలు సర్ది, పక్కన నిలబడ్డాడు. శ్యాం ఫొటో తీశాడు. రెండోసారి తీయమన్నాడు సారు, మొదటి దాంట్లో తన కళ్ళు మూసుకున్నాయని.

"లేచినంక చెప్పుండ్రి, సారు కప్పి పోయిండని. నేను లేకుంటే ఈ విద్య ఎప్పుడో మట్టిల కలిసేది."

"అవు సార్," అన్నాడు శ్యాం.

విమల కుంకుమ భరిణె తీసింది. ముందు ఎల్లమ్మకు పెట్టింది, తర్వాత సాలమ్మ నుదుటి మీద పెద్ద బొట్టు పెట్టింది. "పెద్ద ముత్తైదువవు. రేపు దీపం నువ్వే ముట్టియ్యాలె. బండి పంపిస్తం."

సాలమ్మ వంచిన తల చాలాసేపు ఎత్తలేదు.

సారు కవరు ఇచ్చాడు. ఆమె దాన్ని కళ్ళకు అద్దుకుంది. శ్యాం పటాన్ని చుట్టి తీసుకెళ్ళి కారు వెనక సీట్లో పెట్టాడు. శాంతి ఇంకా ఆ అంగీతోనే వాకిట్లో నిలబడి, కారు మలుపు తిరిగేదాకా చూసింది.

"పోయిన్రా?" గడపలోంచి అడిగింది సాలమ్మ.

"పోయిన్రు అవ్వా."

"ఇగ ఉరికి ఊర్లె చెప్పు, తాత గిప్పుడే పాణం ఇడిసిండని," అంటూ, కోడి కూయకముందే చల్లబడిపోయిన మనిషి పక్కన కూర్చుని ఏడవడానికి, సాలమ్మ శాంతి మొహం మీదే తలుపు వేసింది.